పిన్ని గుండెకు పరుగు పరీక్ష

జూన్ 20

ఒసేయ్ తూనీగా,

ఫోనెత్తితే మీ బాబాయి స్పీకరు నొక్కుతారు. మెసేజీ పెడితే నాకంటే ముందు ఆయనే చదువుతారు. అందుకని కాగితం. జవాబు ఇంటికి కాదు, బడికి రాయి. కవరు మీద 'ఆటల టీచరు' అంటే చాలు, నా అసలు పేరు ఇక్కడ ఎవడికీ గుర్తులేదు.

సంగతేమిటంటే, మొన్న బడిలో టీచర్లందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. నా ఛాతీకి పట్టీలు అంటించి గీతల కాగితం తీశారు. అది చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. "ఆయాసం ఏమైనా వస్తుందా అమ్మా?" అంది. "నాకెందుకొస్తుంది, పిల్లలకు తెప్పిస్తాను గానీ" అన్నాను. నవ్వలేదు. నవ్వని డాక్టర్లంటే నాకు అనుమానం. ట్రెడ్‌మిల్ మీద గుండెను పరిగెత్తించి స్కానింగులో బొమ్మ తీసే పరీక్ష ఒకటి రాసిచ్చింది. అది అయ్యేదాకా పరుగులూ మెట్లూ వద్దంది.

దానికి తోడు హెడ్మాస్టరు ఒక మెలిక పెట్టాడు. రిపోర్టు బాగుంటేనే నాకు మైదానం. లేకపోతే ఈల ఇచ్చేసి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసుకోవాలట. నా మెడలో ఈల మీ బాబాయి కంటే సీనియరు. దాన్ని అడగడానికి వీడెవడు?

నువ్వు మిక్సీలకూ వాషింగ్ మెషీన్లకూ 'వాడే విధానం' పుస్తకాలు రాస్తావుగా. నాకూ ఒకటి రాసిపెట్టు. గదిలో అడుగు పెట్టింది మొదలు బయటికొచ్చేదాకా ఏం చేస్తారో వరసగా ఉండాలి. సిలబస్ తెలియని పరీక్షకు నేను కూర్చోను.

ఈ ఉద్యోగం కూడా మానేశానని మాత్రం రాయకు. మీ అమ్మకు గానీ నా పరీక్ష సంగతి చేరిందా, నీ వీపు విమానం మోతే.

పిన్ని

*

జూన్ 27

పిన్నీ,

ఉద్యోగం మానలేదు. కుర్చీ మార్చానంతే. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటున్నాను. ఎదురుగా లాండ్రీ కొట్టు. తెల్ల చొక్కాలు పొద్దున నలిగి లోపలికెళ్లి సాయంత్రం మడతలతో బయటికొస్తాయి. నేను సరిగ్గా దానికి రివర్సు.

మా పై వాటాలో స్కానింగ్ అక్క ఉంది. పెద్దాసుపత్రిలో ఈ పరీక్షలు చేసేది ఆమే. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పట్టుకున్నాను. నోట్లో క్లిప్పులు పెట్టుకుని చెప్పింది కాబట్టి కొన్ని అక్షరాలు క్లిప్పులకే పోయాయి. మిగిలింది ఇదీ.

ముందురోజు నుంచి కాఫీ, టీ ముట్టకూడదు. (నువ్వు బతుకుతావా?) పరీక్షకు కొన్ని గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, గొంతు తడుపుకోవడానికి కాసిని నీళ్లు పర్వాలేదు. నువ్వు వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకు చూపించు. వాటిలో ఏది ఆపాలో ఏది ఆపకూడదో వాళ్లే చెప్పాలి, నీ తెలివి వాడకు. వదులు బట్టలు, నడిచే బూట్లు వేసుకెళ్లు. బూట్ల విషయం నీకు చెప్పడమంటే చేపకు ఈత నేర్పడమే.

లోపల ముందుకు తెరుచుకునే గౌను ఇస్తారు. ఛాతీ మీద అక్కడక్కడా పట్టీలు అంటించి వైర్లు తగిలిస్తారు. చేతికి బీపీ పట్టా. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. అప్పుడు చల్లటి జెల్ పూసిన గుండ్రటి పరికరాన్ని పక్కటెముకల మధ్య నొక్కి పట్టుకుని, ముందు నీ గుండె తీరిగ్గా ఉన్నప్పటి బొమ్మలు తీస్తారు. నొప్పి ఉండదు, నొక్కుడు ఉంటుంది. గది చల్లగా ఉంటుంది, తెర వైపు మెడ తిప్పితే తిడతారు.

తర్వాత ట్రెడ్‌మిల్. మొదట బజారుకు వెళ్లినట్టు నడిపిస్తుంది. కాసేపటికోసారి వేగం పెంచి, ముందు భాగం ఎత్తుతారు, గుట్ట ఎక్కినట్టు. పక్కన డాక్టరు నిలబడి ఎలా ఉందని అడుగుతూనే ఉంటాడు. గుండె కావలసినంత వేగం అందుకున్నాక ఆపేస్తారు.

అసలు హడావుడి అక్కడే. దిగి నీళ్లు తాగి చెమట తుడుచుకునే వ్యవహారం లేదు. మిషను ఆగీ ఆగకముందే మంచం మీదికి ఉరికి ఎడమ పక్కకు పడుకోవాలి. గుండె నెమ్మదించేలోపు మళ్లీ బొమ్మలు తీయాలి కదా. రొప్పుతున్న మనిషిని ఊపిరి బిగబట్టమంటారు, అదే కష్టమట. తర్వాత రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రక్తం సరిగ్గా అందుతున్న గుండె గోడ అంతా పరుగులో గట్టిగా బిగుసుకుంటుంది. ఎక్కడైనా అందకపోతే ఆ ముక్క ఒక్కటే బద్ధకంగా వెనకబడిపోతుంది. వైర్లు తీసే ముందు గుండె, బీపీ మామూలుకొచ్చేదాకా పడుకోబెడతారు. అంతా కలిపి ఒక గంట.

ఎక్కువసేపు నడిస్తే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి వీలైనంతసేపు నడువు.

అక్క ఇంకా ఏవో జోకులు వేసింది గానీ కోసేశాను. మా మేనేజరు నేర్పిన విద్య అది: చదివేవాడికి ఎలాగూ తెలిసిందే అనిపిస్తే కొట్టెయ్.

నీ తూనీగ

*

జూలై 4

తూనీగా,

అందింది. మిక్సీలు కొనేవాళ్లు అదృష్టవంతులే. 'వీలైనంతసేపు నడువు' కింద ఎర్ర గీత గీశాను. ఇంపార్టెంట్ క్వశ్చను.

ప్రిపరేషన్ మొదలుపెట్టాను. బడి వదిలాక కొత్త బిల్డింగు మెట్లు ఎక్కుతున్నాను, రోజురోజుకీ కొంచెం వేగంగా. దిగగానే వరండా బెంచీ మీద ఎడమ పక్కకు వాలి ఊపిరి బిగబట్టడం. మొదటిరోజు వాచ్‌మన్ చూసి "టీచరుగారు పడిపోయారో" అని కేకలు పెట్టాడు. నోరు మూయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు వాడే నాకు కాపలా, హెడ్మాస్టరు వస్తుంటే దగ్గుతాడు.

కాఫీ కూడా ఇప్పటి నుంచే మానేశాను. మీ బాబాయికి అనుమానం వచ్చింది. "ఒంట్లో బాగుందా?" అన్నారు. "నాకేం, దుక్కలా ఉన్నాను" అన్నాను. నమ్మేశారు. పాతికేళ్ల సంసారంలో పనికొచ్చిన గుణం అదొక్కటే.

పన్ను ఒకటి గోల పెడుతోంది. ఊరికే ఉన్నప్పుడు ఏమీ లేదు, మెట్లెక్కుతుంటే కింది దవడ లాగుతోంది. పళ్లు బిగించి ఎక్కడం అలవాటు కదా, అరిగిపోయి ఉంటుంది.

పిన్ని

*

జూలై 9

పిన్నీ,

వాచ్‌మన్ సంగతి చదివి ఆఫీసులో పైకే నవ్వాను. మేనేజరు తల ఎత్తి చూశాడు. ఆయన ఎత్తిన తల దించేలోపు నేను వాక్యూమ్ క్లీనరు గురించి రెండు పేజీలు రాసేశాను.

పరీక్షంటే భయంగా ఉందని ఒప్పుకోవచ్చుగా! అందరికీ ఉంటుంది. మెట్లెక్కితే ఆ భయం పోతోందంటే శుభ్రంగా ఎక్కు. నాకూ అంతే, కాలు ఒకచోట నిలిస్తే బుర్రలో చీమలు పాకుతాయి. మొన్న ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాను. అక్కడ కిటికీలే లేవు. వద్దని వచ్చేశాను. ఇక్కడ ఉండబుద్ధి కాదు, అక్కడికి పోబుద్ధి కాదు.

పన్ను డాక్టరు దగ్గరికి వెళ్లు, వాయిదా వెయ్యకు. పరీక్ష రోజు పంటి నొప్పితో నడిస్తే ధ్యాస అటే పోతుంది.

నీ తూనీగ

*

జూలై 15

నాకు భయమా? బురదలో పడి లేచిన పిల్లలకు బురదే మందని చెప్పినదాన్ని. నాకు మిషనంటే భయం లేదు, సూదంటే లేదు. ఆ లైబ్రరీ చూశావా ఎప్పుడైనా? గడియారం టిక్కుటిక్కు తప్ప చప్పుడుండదు. అక్కడ కూర్చోబెడితే నాకు తుప్పు పడుతుంది. అదీ నా గొడవ. ఇంకోసారి భయమని రాస్తే ఉత్తరాలు బంద్.

పన్ను డాక్టరుకు చూపించాను. అద్దం పెట్టి, సుత్తితో కొట్టి, "రాళ్లు నమిలే పళ్లు మీవి" అని పంపేశాడు. మరి లాగేదేమిటి? మూడో అంతస్తు మలుపు దగ్గర మొదలవుతుంది. ఆగితే పోతుంది. ఆగకపోతే ఎడమ భుజంలోకి దిగుతుంది. అందుకే ఆగడం మానేశాను, ఒంటికి అలవాటు చేస్తున్నాను. నా దగ్గర పరిగెత్తే పిల్లలు కూడా మొదట్లో ఇట్లాగే సాకులు చెబుతారు.

పరీక్ష వచ్చే గురువారం. మీ బాబాయికి టీచర్ల మీటింగని చెప్పాను. రికార్డు బద్దలు కొట్టి వస్తాను చూడు.

పిన్ని

*

జూలై 18

పిన్నీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని డాబా మీదికి పోయాను, అక్కకు చదివి నవ్విద్దామని. దవడ దగ్గరికి వచ్చేసరికి ఆమె నోట్లోంచి క్లిప్పు తీసేసింది. భుజం దగ్గరికి వచ్చేసరికి చేతిలో తడి దుప్పటి అలాగే వదిలేసింది.

అది పన్ను కాదు. గుండెకు రక్తం చాలకపోతే కొంతమందికి ఛాతీలో కాక దవడలోనో భుజంలోనో తెలుస్తుందట. శ్రమపడితే రావడం, ఆగితే పోవడం దాని లక్షణమట. మెట్లు వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా అంది. చెప్పింది. నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. నేనే చదివి, నవ్వుకుని, ఎక్కమన్నాను.

వెంటనే బడికి ఫోను చేశాను. ఎవరో ఎత్తి "ఆటల టీచరుగారు మెట్ల మీద ఉన్నారండీ, దిగాక చెప్పమంటారా?" అన్నారు. దిగాక! "ఎక్కొద్దని చెప్పండి" అని అరిచాను. "ఎవరండీ మీరు?" అన్నారు. ఫోను పెట్టేసి మీ ఇంటికి చేశాను.

స్పీకరు నొక్కిన చప్పుడు వినిపించింది. అయినా మొత్తం చెప్పేశాను. ఫోను ఆన్‌లోనే ఉంది, తలుపు తీసిన చప్పుడు, బాబాయి చెప్పులు మెట్లు దిగిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు మీ ఖాళీ ఇంటిని వింటూ కూర్చున్నాను.

తిట్టు. కానీ ఎక్కకు.

తూనీగ

*

జూలై 20

అమ్మాయిగారికి,

మీ దయవల్ల మీ బాబాయి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, బడి వదిలే వేళకు, పిల్లలందరూ చూస్తుండగా నన్ను రెక్క పట్టుకుని మెట్లు దింపారు. వాచ్‌మన్ దగ్గడం కూడా మర్చిపోయాడు. హెడ్మాస్టరు కిటికీలోంచి చూశాడు. ఇప్పుడు రిపోర్టు రాకముందే లైబ్రరీ తాళం నా బల్ల మీదికి వచ్చింది.

నిన్ను నమ్మి చెప్పాను. ఏ పనీ పూర్తిగా చెయ్యవు గదా, నోరు మూసుకోవడమైనా పూర్తిగా చేస్తావనుకున్నాను.

డాక్టరమ్మకు ఫోను చేసి దవడ సంగతి మీ బాబాయే చెప్పేశారు. పరీక్ష రోజు ఆమే పక్కన ఉంటానందట. ఏవో మాత్రలు రాసింది, గురువారం దాకా మంచం దిగొద్దంది. వెళ్తాను. వెళ్లి వాళ్లడిగినంత నడిచి, ఆ కాగితం తెచ్చి ఒక్కొక్కరి మొహాన కొడతాను. మొదట నీదే.

జవాబు అక్కర్లేదు.

*

జూలై 21

పిన్నీ,

అక్కర్లేదన్నావు, అందుకే ఒక్క ముక్కే. దీన్ని బాబాయి పేరుకు పంపుతున్నాను, నీ చేతికిస్తారని.

నేను కోసేసిన జోకు గుర్తుందా? అక్క చెప్పిన మాట ఇది: "మీ పిన్నికి చెప్పు, ఇక్కడ ఫస్టుక్లాసులు ఇవ్వం. నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, తల తిరిగినా వెంటనే చెప్పాలి. చెప్పకుండా నడిచినవాళ్లకు మార్కులు వెయ్యం, తిట్లు వేస్తాం." ఎవరికి తెలియదులే అని కొట్టేశాను. నా పుస్తకంలో ఉండాల్సిన మొదటి వాక్యం అదే.

నీ గుండెకు మైదానం తెలుసో లైబ్రరీ తెలుసో నాకు తెలీదు. నాకు నువ్వు కావాలి, అంతే.

తూనీగ

*

జూలై 28
ఆసుపత్రి మంచం మీంచి

ఒసేయ్,

ముందే చెబుతున్నాను, బతికే ఉన్నాను. మీ బాబాయి ఫోనులో సగం ఏడ్చి సగం మింగి ఏం చెప్పారో గానీ, ఈ ఉత్తరం నిజం.

నీ చివరి ఉత్తరం ఆయన ఇచ్చారు. కోపంతో విప్పకుండా సంచిలో పడేశాను. కాబట్టి జరిగినదాంట్లో నీ గొప్పేమీ లేదు.

అంతా నువ్వు రాసినట్టే ఉంది. గౌను, పట్టీలు, జెల్. జెల్ చల్లగా ఉంటుందన్నావు, మరీ అంత అని రాయలేదు. ఈల తీసి ట్రేలో పెట్టమన్నారు, వైర్లకు అడ్డమట. మెడ బోసిపోయింది. పడుకుని బొమ్మలు తీయించుకుంటుంటే నా గుండె చప్పుడు మిషనులోంచి వినిపించింది. బట్టలుతికినట్టుందే! ఇన్నేళ్లూ అందరి గుండెలూ పరిగెత్తించాను, నాది ఎప్పుడూ వినలేదు.

ట్రెడ్‌మిల్ ఎక్కాను. మొదటి విడత నాకు లెక్కే కాదు. డాక్టరమ్మ "ఎలా ఉందమ్మా?" అంది. "బ్రహ్మాండం" అన్నాను. వేగం పెరిగింది, ఎత్తు పెరిగింది. "ఎలా ఉంది?" "బాగుంది." అప్పటికే దవడ పట్టుకుంది. పళ్లు బిగించాను. ఇంకొంచెం, ఇంకొంచెం, లైబ్రరీ తాళం కళ్ల ముందు ఊగుతోంది. మళ్లీ అడిగింది. "బాగుంది" అంటూ ఎదుటి గోడకు ఉన్న అద్దాల తలుపులో నా మొహం చూశాను.

ఆ మొహం నాకు తెలుసు. ఏటా చూస్తాను. కడుపులో తిప్పుతున్నా, కాలు బెణికినా, "బాగుంది టీచర్" అంటూ పరిగెత్తే పిల్ల మొహం. పెదవులు నవ్వుతుంటాయి, ముక్కు పక్కన తెల్లబడుతుంది. ఆ పిల్లను నేను ఒక్క అడుగు వెయ్యనివ్వను. ఈల ఊది పక్కన కూర్చోబెడతాను. "ఓడినా నా పిల్లవే, దాచితే మాత్రం కాదు" అంటాను.

చెయ్యి మెడ దగ్గరికి పోయింది, ఈల కోసం. లేదు. ఇంకేం చెయ్యాలో తోచక చెయ్యి పైకెత్తాను.

"దవడ లాగుతోందమ్మా. భుజంలోకి దిగింది" అన్నాను. మాట బయటికి రాగానే మిషను ఆపేశారు. మంచం మీదికి ఉరికించారు. ఆ ఉరకడం మాత్రం, వరండా బెంచీ పుణ్యమా అని, అందరూ మెచ్చుకునేలా చేశాను. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాను. తెర మీద నా గుండె ఎగిరెగిరి పడుతోంది, ఒక పక్క గోడ మాత్రం మొండికేసిన పిల్లలా కదలకుండా నిలబడింది. మెడ తిప్పొద్దని తిట్టారు. అయినా చూశాను.

ఇంటికి పంపలేదు. రక్తనాళం ఒకటి బాగా సన్నబడిందట. మణికట్టులోంచి సన్నటి తీగ పంపి, అక్కడ జాలీ గొట్టంలాంటిది పెట్టి తెరిచారు. "ఇంకా కొన్నాళ్లు మెట్లెక్కి ఉంటే మీతో మాట్లాడుతుండేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ. ఈసారీ నవ్వలేదు. ఈసారి అనుమానం రాలేదు.

ఆ రాత్రి నీ ఉత్తరం విప్పాను. మీ మేనేజరుకు చెప్పు, కొట్టేసిన వాక్యాలన్నీ ఒకచోట పెట్టి మళ్లీ చదవమని. నీకు కూడా.

ఇక నీ చేత పరుగులు ఆపించడం నా వల్ల కాదు. ఉద్యోగం మానాలనుంటే మాను. కానీ చెప్పి మాను. అడిగిన ప్రతివాడికీ 'బాగుంది' అని రాయకు. నీ ఉత్తరాల్లో లాండ్రీ కొట్టుంది, కిటికీలున్నాయి. నువ్వెలా ఉన్నావో ఒక్కదాంట్లోనూ లేదు.

పిన్ని

*

ఆగస్టు 3

పిన్నీ,

ఎలా ఉన్నానా? బాగోలేను. చెయ్యెత్తాను, చూశావా? మిగతాది వచ్చి చెబుతాను. శుక్రవారం బస్సు. స్పీకరు ఆపమని బాబాయికి చెప్పు.

తూనీగ

*

సెప్టెంబరు 10

తూనీగా,

నువ్వు వెళ్లిపోయాక ఇల్లు బోసిగా ఉంది. కొత్త పుస్తకం పంపావు కదా, వాషింగ్ మెషీన్‌ది. మొదటి పేజీలో మొదటి వాక్యం చదివాను: 'ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే ఆపండి, సిగ్గుపడకండి.' 'సిగ్గుపడకండి'ని మీ మేనేజరు ఎలా వదిలేశాడే?

నేను లైబ్రరీలోనే. మెల్లగా నడవడం మొదలుపెట్టాను, డాక్టరమ్మ చెప్పినంతే. మైదానం సంగతి తర్వాత చూద్దామన్నారు. 'తర్వాత' అంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ పిల్లలకు అదే చెప్పేదాన్ని. తిక్కగానే ఉంది. గడియారం ఆపించేశాను. అట్టలు వంకరగా వేస్తున్నాను. అడిగితే అదొక స్టైలంటున్నాను.

ఒక్క సంగతి. లైబ్రరీ కిటికీ మైదానం వైపే ఉంది. ఇన్నేళ్లూ అటు నుంచి ఇటు చూడలేదు కాబట్టి తెలియలేదు. నిన్న కొత్త సారు పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. మూడో వరసలో ఒక సన్నటి పిల్ల. పెదవులు నవ్వుతున్నాయి, ముక్కు పక్కన తెల్లబడింది. సారు గడియారం చూసుకుంటున్నాడు.

ఈల నేను ఇంకా ఇవ్వలేదులే. అడిగినప్పుడల్లా ఇంట్లో మర్చిపోయానంటున్నాను.

ఊదాను. మైదానం మొత్తం ఆగిపోయింది. సారు అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు. ఆ పిల్ల ఒక్కతే తల ఎత్తి సరిగ్గా నా కిటికీ వైపు చూసింది. నేను చెయ్యెత్తి చూపించాను.

కాసేపు ఆలోచించి, అదీ ఎత్తింది.

పిన్ని